ఇరవై ఏళ్ళ నడుము

థామసిన్ పట్టీని మేకు మీంచి తీసి ఆమె నడుము చుట్టూ తిప్పాను. మా ఆయన పోయాక ఈ కుట్టు దుకాణం నా చేతికి వచ్చినా, మనిషికో గొర్రెతోలు పట్టీ ఉంచి, కొలతకో గంటు కోసే పద్ధతి ఆయనదే. మొన్న కోతల కాలంలో నడుముకి నేను కోసిన గంటు ఇప్పుడు పట్టీ మొదలుని అందుకోకుండా మూడు వేళ్ళ దూరంలో ఆగిపోయింది.

కుట్టాల్సింది థామసిన్ పెళ్ళి గౌను. ఈస్టర్ ముందు వచ్చే లెంట్ ఉపవాసాల్లో పెళ్ళిళ్ళు చేయరు గనుక ఈస్టర్ తరువాతకి పెట్టుకున్నారు. ఎదురు బల్ల మీద తల్లి ఫిలిప్పా గారు, పక్కన కాబోయే అత్తగారు ఎవిస్.

"ఏం మార్జరీ, ఆగిపోయావ్?" అంది ఎవిస్.

థామసిన్ వేళ్ళు నా భుజంలో దిగబడ్డాయి.

"పట్టీ కురచైందమ్మా. చెమ్మెక్కి ఆరితే తోలు ముడుచుకుంటుంది."

"అలాగా! వదినగారి పట్టీ కూడా ఆ మేకుకే ఉందిగా. అదీ ముడుచుకునే ఉంటుంది, చూడు మరి."

ఇరవై ఏళ్ళుగా తన నడుము మారలేదని ఫిలిప్పా గారు నార్విచ్ ఊరంతా చెప్పుకుంటారు. ఆవిడ కూతురి మెడ వైపు చూశారు. అది కందిపోయి ఉంది. తరువాత నా చేతిలోని పట్టీ వైపు చూశారు. నెమ్మదిగా లేచి చేతులెత్తి నిలబడ్డారు.

పట్టీ చుడుతుంటే ఆవిడ కావాలనే పొట్ట ముందుకు తోయడం నా వేళ్ళకి తెలిసింది. గంటు రెండు వేళ్ళు చాలలేదు.

"ఇదీ కురచేనమ్మా."

"తోలు ముడుచుకుందో, క్రిస్మస్ పందిమాంసం ఒంటికి పట్టిందో!" అని నవ్వుతూ ఎవిస్ కింది గదిలో ఉన్న జరీ చూడ్డానికి మెట్లు దిగింది.

ఫిలిప్పా గారు అప్పుడు ఊపిరి వదిలారు. "ఎన్నో నెల?" అన్నారు కూతురితో.

"నాలుగు," అంది థామసిన్.

"వాళ్ళబ్బాయేనా?"

థామసిన్ తల దించుకుంది.

"ఈస్టర్ దాకా దాచగలవా, మార్జరీ?"

"పక్కల తాళ్ళు పెట్టి వదులు చేస్తే లెంట్ వచ్చేదాకా. ఆపైన నావల్ల కాదమ్మా."

ఆవిడ మెట్ల దగ్గరికి వెళ్ళారు. "వదినగారూ! మా మామగారు మంచం మీదున్నారు. మనవరాలి పెళ్ళి కళ్ళారా చూస్తానంటున్నారు. లెంట్ లోపలే కానిచ్చేద్దామా?"

కింద నుంచి ఎవిస్ గొంతు వినిపించింది.

"అంతకంటేనా! మా వాడు ఎగిరి గంతేస్తాడు. పాపం, మీ పిల్ల చెయ్యి కూడా పట్టుకోనివ్వదని రోజూ మొత్తుకుంటాడు!"

థామసిన్ గోడ వైపు తిరిగింది. ఫిలిప్పా గారు మెట్ల కొయ్య గట్టిగా పట్టుకున్నారు.

"ఊఁ, కొలతలు కానివ్వు," అన్నారు నాతో, ఎటూ చూడకుండా.