కంపెనీ వాసన

పొద్దుగాల వాకిలి ఊడ్చి, చాయ తాగి, తడిపిన తునికాకు మూట విప్పి, చాట ఒళ్లో పెట్టుకున్నదంటే సృజనకు ఇగ లోకం పట్టదు. కత్తెర ఆకు కోస్తుంటది, వేళ్లు తంబాకు పోసి చుడుతుంటయి, నోరు ముచ్చట పెడుతుంటది. వేములవాడకు పోయే తొవ్వ పక్కనున్న ఆ బీడీలవాడలో ఏ ఇంటి ముందు చూసినా ఇదే కత. చేతులకు పని ఉంది, నోటికి పని ఉంది, మొగోళ్లకే ఏ పనీ లేదని సృజన అత్త కొమురవ్వ అంటుంటది. అన్నంక కొడుకు సదానందం దిక్కు చూడకుండా ఆకు దిక్కు చూస్తది.

ఆ వాడలో ఇంగ్లీషు మాటలకు వాసన ఉంటది. తెలుగు మాటకు ఉండదు, ఉర్దూ మాటకూ ఉండదు, అవి ఏనాడో ఇంటి మనుషులైనయి. ఇంగ్లీషు మాట మాత్రం నోరు దాటంగనే, అన్నోని మనసులో దానికి ఏ అర్థం ఉందో ఆ వాసన కొడతది. బస్సు అంటే డీజిలు. డాక్టర్ అంటే సూదిమందు దూది. సారీ అంటే చాలామంది నోట ఏ వాసనా రాదు. పాపం వాళ్లనేమంటం, లోపల ఉంటే కదా బయటికి వచ్చేది! దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. వాన పడితే మన్ను వాసన రాదా, ఇదీ అంతే.

అన్నిట్లోకీ ఎక్కువ వాసనలు మార్చిన మాట కంపెనీ. దాన్ని కుంపిణీ అన్న రోజుల్లో గుర్రాల చెమట, తోలుబూట్ల కంపు వచ్చేదట. కొమురవ్వకు ఆమె అత్త చెప్పింది, ఆ అత్తకు ఇంకో అత్త చెప్పింది. వ్యాపారానికి వచ్చి రాజ్యం మింగినోళ్ల వాసన అట్లనే ఉంటది మరి. తర్వాత బీడీల కార్ఖానాలు వచ్చినంక అదే మాట తంబాకు ఘాటెక్కింది. "పిల్లకు కంపెనీ ఉందా?" అని అడిగితే, కార్ఖానా కార్డు ఉందా అని అడిగినట్టు. సృజన పెండ్లిచూపుల్లో ఆమె మొఖం కంటే ముందు ఆ కార్డునే చూసిండ్రు. పొద్దుగూకంగ మొగోళ్లు 'జర కంపెనీ ఇయ్యిరా' అనుకుంటే కల్లు వాసన. ఇక దుబాయి తొవ్వ తెరుచుకున్నంక, కంపెనీ అంటే సెంటు, సబ్బు, కొత్త సూటుకేసు.

అందుకే వాడలో ఒక కట్టుబాటు పడ్డది. గల్ఫుకు పోయేటోడు పాస్‌పోర్టు ఇచ్చే ముందు, ఏజెంటు వాకిట్ల నిలబడి 'కంపెనీ' అనాలె. అప్పుడు చుట్టుపక్కల ఆడోళ్లందరూ చాటలు కింద పెట్టి, తంబాకు డబ్బాల మూతలు బిగించి, ముక్కులు పైకెత్తుతరు. సబ్బు వాసన వస్తే పాస్‌పోర్టు చేతులు మారుతది. రాకపోతే ఏజెంటు చెప్పులేసుకుంటడు.

ఆనాడు మధ్యాహ్నం వచ్చిన ఏజెంటు సృజన సొంత మేనమామ పరశురాములు.

చిన్నప్పుడు రాజన్న జాతరలో సృజనను మెడల మీద కూసోబెట్టుకొని తిప్పిన మామ. తనూ ఒకప్పుడు గల్ఫుకు పోయి, అక్కడ పెద్ద కంపెనీలో చేసొచ్చిన్నని చెప్పుకున్న మామ. తానుండే హుజూరాబాద్‌ల అతను నోరు తెరిస్తే నాలుగు మాటలకు మూడు ఇంగ్లీషువే. ఇక్కడ మాత్రం దవడలో జర్దా పాన్ పెట్టుకొని, అంగీ నిండా అత్తరు చల్లుకొని వచ్చిండు. వచ్చి కూసున్నకాణ్నుంచి ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండ పంతులు తీరు మాట్లాడుతుండు. మంచి సంస్థ అన్నడు. వసతి వాళ్లదే అన్నడు. విమానం ఎక్కేదే ఆలస్యం అన్నడు.

సృజనకు వేళ్ల మధ్య బీడీ విడిపోయింది. ఆమెకు ఎన్నడూ విడిపోదు.

ఎవరో ఒకరు అడగాలె. కొమురవ్వ అడగలేదు. కోడలి పుట్టింటోన్ని అనుమానించిందన్న మాట వస్తది. సదానందం అడగలేదు. వచ్చింది పిల్లనిచ్చిన ఇంటి పెద్దాయె; మీదికెల్లి తనేమో, వాడలో తన ఈడోళ్లందరూ విమానం ఎక్కి పోతే తనొక్కడే ఊరి ట్రాక్టరు మీద మిగిలిండని లోపల కాలుతున్నోడు. సృజన అడగాలంటే పుట్టింటి ఇజ్జత్ తన చేతులతో తనే తీయాలె. పరాయోళ్ల కోసం పెట్టుకున్న కట్టుబాటు చుట్టరికం ముందట మూగదైంది. ఎదురింటి ఆడోళ్లు చాటలు కింద పెట్టి, ఎంతసేపటికీ మాట వినబడక, మళ్లీ ఒళ్లోకి తీసుకున్నరు.

సదానందం అంగీ జేబులోంచి పాస్‌పోర్టు తీసి ఇచ్చిండు. పరశురాములు దాన్ని సంచిలో వేసి, పైకి చెప్తలేడు కానీ తొందరగా లేచిండు.

"ఎంగిలిపడకుంట పోతవా మామా?" అన్నది సృజన. "నీ అక్క ఉంటే పోనిచ్చునా?"

చచ్చిపోయిన అక్క పేరు చెప్పినంక కాదనేటందుకు ఏ మేనమామకు నోరు రాదు. పరశురాములు బయటికి పోయి పాన్ ఉమ్మి, నోరు పుక్కిలించి వచ్చిండు. సృజన పొయ్యి ముట్టించి జొన్నరొట్టె చేసింది. పళ్లాలు ఎన్ని ఉన్నా ఒక్కటే పెట్టింది. రొట్టె అండ్లేసి, వంకాయ కూర పక్కన పోసి, మొగున్ని, మామను ఎదురెదురుగ కూసోబెట్టి, తనూ కూసున్నది. ముగ్గురూ ఒకే రొట్టెకు చెయ్యి పెట్టిండ్రు.

"ఏ పని మామా అక్కడ?"

"మంచి సంస్థ బిడ్డా. చెప్పిన గద."

"జొన్నరొట్టె తినుకుంట సంస్కృతం మాట్లాడుతున్నవేంది? గా మాటకు మనోళ్లు ఏమంటరు?"

సదానందం తినుడు ఆపిండు. కొమురవ్వ గడప మీద కదలకుండా కూసున్నది. పరశురాములు మొఖం గట్టిపడ్డది. నామీద నమ్మకం లేదా అన్నడు, నిన్ను ఈ భుజాల మీద మోసిన్నన్నడు, ఆఖరికి పొయ్యి కాడ కూసోబెట్టి పరీక్ష పెడుతున్నవా అన్నడు. సృజన గొంతు పెంచలేదు.

"మోసినవ్ గనుకనే గిట్ల అడుగుతున్న. పరాయోడివైతే వాకిట్ల నిలబెడుదును. ఒక్కసారి అను మామా. ఎన్ని వాకిళ్లల్ల అనలే నువ్వు?"

అన్నడు. కానీ ఆ వాకిళ్లల్ల ఎప్పుడూ పాన్ చాటుంగనే అన్నడు, అత్తరు చాటుంగనే అన్నడు. ఇప్పుడు అంగీ మీది అత్తరును పొయ్యి పొగ మింగింది, నోట్లో సృజన చేతి రొట్టె తప్ప ఏమీ లేదు. లేచిపోదామంటే చేతికి ఎంగిలి. సదానందం తన దిక్కే చూస్తుండు, ఏమీ తెల్వని పిల్లగాని లెక్క.

"కంపెనీ," అన్నడు పరశురాములు.

సబ్బు వాసన రాలేదు. ఎండకు మాడిన గొర్రెల పెంట వాసన వచ్చింది. ప్లాస్టిక్ క్యానులో ఉడికిన నీళ్ల వాసన, ఉతకని కంబళి వాసన, మనిషి మాట లేని తావుల ఉండే ఉప్పు వాసన వచ్చింది. ఎదురింటి దాకా పోయింది. సదానందం ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకున్నడు.

ఆ వెనకనే ఇంకోటి వచ్చింది. అప్పుడే కాల్చి తుంచిన రొట్టె వాసన. జొన్నది కాదు, గోధుమది కాదు, ఈ దేశపు పొయ్యిదే కాదు. అది పరశురాములు మనసుది కాదు, మాటది. ఆ మాట పుట్టిన తావుల, లాటిన్ అనే పాత భాషల, ఒక్క రొట్టెను కలిసి తినేటోళ్లనే ఆ పేరుతో పిలిచేటోళ్లని సృజన తర్వాతెప్పుడో పాత సామాన్ల దుకాణంలో కొన్న డిక్షనరీలో చదివింది. దండులు, కార్ఖానాలు, సూటుకేసులు అన్నీ దాని మీద తర్వాత పేరుకున్న మురికే. ఆ పూట ఆమెకు అదేం తెల్వదు. మామ దవడ ఆగిపోవుడు ఒక్కటే చూసింది.

పరశురాములు నోట్లో ఉన్నదాన్ని మింగలేక మింగిండు.

"నేను పోయింది సుత గా కంపెనీకే బిడ్డా. అక్కడ ఎడారిల గొర్రెలు తప్ప ఎవ్వలుండరు. వచ్చినంక ఎవ్వలకు చెప్పాల్నో తెల్వలే. అందరు నన్ను పెద్ద కంపెనీల చేసిండంటే, ఔనన్న."

అతని మీద సృజనకు జాలి కలిగింది. జాలి కలిగినందుకు తన మీద తనకు కోపం వచ్చింది. తనకు పెట్టిన వాతే పది మందికి పెట్టేటోన్ని చూసి ఏడుస్తూ కూసుంటే, ఆ పది మంది సంగతేంది?

"సంచి ఇటియ్యి," అన్నది.

అతను ఇయ్యలేదు. తనే విప్పి, సదానందం పాస్‌పోర్టు తీసి పళ్లెం పక్కన పెట్టిండు. సృజన చెయ్యి అట్లనే చాపి ఉంచింది. ఇంకోటి తీసిండు. ఇంకోటి. ఎదురింటి దేవదాస్‌ది, మూల మీది తిరుమలది, నిన్నమొన్న మీసం మొలిచిన వాళ్లవి. మొన్నటి వాకిళ్లల్ల అత్తరు చాటున ఇప్పించుకున్నవన్నీ నేల మీదికి వచ్చినయి. సదానందం తనది తీసుకోలేదు. ఆ చిన్న కుప్ప దిక్కు చూసుకుంట కూసున్నడు, విమానం తన మీది నుంచి పోయిన చప్పుడు విన్నట్టు.

"తిను మామా, సల్లారుతది," అన్నది సృజన పళ్లెం అతని దిక్కు జరిపి. "తిన్నంక ఒక్కొక్క ఇంటికి పోదం. నేనొస్త. ఎవని తాన తీసుకున్నవో వాని వాకిట్ల నిలబడి, గిట్లనే అను."

పరశురాములు తిన్నడు. ఆఖరి తునక దాకా తిన్నడు. నోరు పుక్కిలించకుండనే లేచిండు. సృజన పాస్‌పోర్టులు కొంగులో పోసుకొని ముందు నడిచింది. దేవదాస్ వాళ్ల అవ్వ వాళ్లను దూరంనుంచే చూసి, చాట కింద పెట్టి, లేచి నిలబడ్డది.