సూది ఎగిరే చోటు

షట్టరు సగమే లేచింది. ఈమధ్య ఒక్క ఊపులో లేవడం లేదు, ఎడమ భుజం లాగేస్తోంది. సూది బాబాయి దాని కింద నుంచి వంగి లోపలికి దూరాడు. లైటు వేయలేదు. చేతిసంచి కింద పెట్టలేదు. నేరుగా వెనక గదిలోకి వెళ్లి, తుక్కు పెట్టెలో చెయ్యి పెట్టి, అట్ట చిరిగిన రికార్డు ఒకటి తడుముకుని తీశాడు.

పాత రికార్డులు అమ్మే ఆ కొట్టులో అతను పనిచేస్తాడు. అతనికి అసలు పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది కానీ, వచ్చేపోయేవాళ్లకెవరికీ దానితో పని పడలేదు. ప్లేయర్లకు అరిగిన సూదులు మార్చేవాడు కాబట్టి సూది బాబాయి. బక్కపలచటి మనిషి. రోజూ రికార్డులు కడిగీ కడిగీ వేళ్ల కొసలు తెల్లబడి ముడతలు తేలాయి. ఎవరో పిలిచినట్టు కుడి చెవి కాస్త ముందుకు పెట్టి నడుస్తాడు.

రికార్డు తిరిగింది. బ్లూస్ రాక్. నలుగురు కుర్రాళ్లు కలిసి ఒకే ఒక్క ఆల్బం చేసి, తలో దారీ పట్టారు. అందులో గిటారు ఏడవదు, ఏడుపు ఆపుకుంటుంది. రెండోవైపు చివరి పాటలో, గాయకుడు ఊపిరి పీల్చి గొంతు పైకెత్తబోయే చోట, సూది టక్కున ఎగిరి అర చరణం అవతల పడుతుంది. సరిగ్గా ఆ క్షణానికి బాబాయి, పైకెత్తి ఉంచిన కుడికాలు నేలకు తాటించాడు.

పెళ్లయిన కొత్తలో వాళ్లది చెక్కనేల అద్దెగది. "లేవయ్యా మగడా, ఈ పాటకి శవం కూడా లేస్తుంది!" అంటూ భార్య అతన్ని కుర్చీలోంచి లాగి ఒక్క గెంతు గెంతింది. నేల అదిరింది. సూది జారి గీత పడింది. ఆమె నాలుక కరుచుకుంది. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె పోయి చాలాకాలమైంది. ఫొటోలో ఆమె కదలదు. ఈ గీత దగ్గర మాత్రం రోజూ ఒకసారి గెంతుతుంది.

ఇంట్లో ప్లేయరు ఆమె జబ్బు రోజుల్లోనే చేతులు మారింది. అందుకే రికార్డు కొట్టులో ఉంది. ఎవరి కంటా పడకూడదనే తుక్కులో దాచాడు.

షట్టరు పూర్తిగా లేపాక పనిలో పడ్డాడు. బేసిన్లో సబ్బునీళ్లు కలిపి, మెత్తటి కుంచెతో రికార్డులు కడిగాడు. తర్వాత 'వినదగినవి' అన్న అర సర్దాడు. మెలోడిక్ రాక్ ఒకపక్క, బ్లూస్ రాక్ ఒకపక్క. ఆ అరలోకి ఏది ఎక్కాలో చెప్పేది అతనే.

పక్కవీధి దర్జీ మొహం వేలాడేసుకుని వచ్చాడు. "బాబాయ్, వినదగ్గది ఒకటియ్యి."

"ఇంట్లో గొడవపడి వచ్చావా, వెళ్లి పడబోతున్నావా?"

"పడే వచ్చా."

"తప్పెవరిది?"

"అదే తేలలేదు."

"అయితే బ్లూస్ రాక్. మొదటివైపు వింటున్నంతసేపూ తప్పంతా ఆవిడదే అనిపిస్తుంది. రెండోవైపు తిప్పేసరికి నీదేనని తెలిసిపోద్ది."

"తిప్పకపోతే?"

"హోటల్లో తింటావు."

దర్జీ పకపకా నవ్వాడు. "మరి మెలోడిక్ రాకో?"

"అది రాజీ పడ్డాక. కోరస్ రాగానే ఇద్దరూ గొంతు కలపండి. నీ గొంతు సంగతి నాకు తెలుసులే, అయినా ఆ పాట మోసేస్తుంది."

మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పబోతూ ఇంకొక్కసారి విందామనిపించింది. తుక్కు పెట్టెలో చెయ్యి పెట్టాడు. వేళ్లకు అడుగు తగిలింది.

పెట్టె వంచి చూశాడు. ఖాళీ.

"బాబాయ్, కళ్లు మూసుకో!"

కొట్టు యజమానురాలు. తండ్రి పోయాక కొట్టు చూసుకుంటోంది. చిన్నప్పుడు బాబాయి భుజం మీద పెరిగిన పిల్లే. అతని చేతుల్లో ఒక రికార్డు పెట్టింది. అదే ఆల్బం. అద్దంలా మెరుస్తోంది.

"నీ పాతది అక్కడ ఎగిరిపడుతుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. ఎన్ని చోట్ల వాకబు చేశానో! ఒక్క గీత ఉంటే ఒట్టు."

"పాతది...?"

"అదిగో, గోడ మీద!"

పనికిరాని రికార్డులకు నడుమ బెజ్జం పెద్దది చేసి, బ్యాటరీ యంత్రం బిగించి గోడగడియారాలు చెయ్యడం ఆ కొట్టులో మామూలే. చాలావాటికి బెజ్జం వేసింది బాబాయి చేతులే. ఇది మాత్రం పొద్దున అతను బేరాల్లో ఉండగా ఆమె స్వయంగా చేసింది. ముళ్ల కింద, నల్లటి వలయాల మధ్య, ఆ గీత సన్నగా మెరిసింది.

ఆమె కొత్త రికార్డు పెట్టింది. చివరి పాట వచ్చింది. బాబాయి కుడికాలు దానంతటదే లేచింది. గాయకుడు ఊపిరి పీల్చాడు. గొంతు ఎక్కడా తట్టుకోకుండా పైకి, ఇంకా పైకి వెళ్లింది. ఆ అర చరణంలో ఏముందో అతను మరిచేపోయాడు. బాగుంది. చాలా బాగుంది. గెంతే ఆమె లేదు.

గాలిలో ఉన్న కాలిని చప్పుడు కాకుండా కిందికి దించాడు.

"ఎలా ఉంది బాబాయ్?"

"కడిగిన ముత్యంలా ఉందమ్మాయ్."

"మరి మొహం అలా పెట్టావేం?"

"నా సంతోషం మొహం ఇంతేనే తల్లీ. శ్రమపడ్డావు."

సాయంత్రం ఎవరో పాత రికార్డులు అమ్ముతారంటే ఆమె చూడ్డానికి వెళ్లింది. బాబాయి స్టూలెక్కి గడియారం దించాడు. ముళ్లు లాగాడు, మర విప్పాడు, యంత్రం ఊడదీశాడు. రికార్డును ప్లేయరు మీద పెట్టాడు. పెద్దదైన బెజ్జంలో అది వదులుగా కదిలింది. అటు నెట్టి, ఇటు నెట్టి, కంటి కొలతతో నడిమికి తెచ్చి సూది దించాడు. పాట తాగినవాడి నడకలా ఊగింది. అయినా కుర్చీలో వెనక్కి వాలి కుడికాలు ఎత్తాడు.

ఆమె తిరిగి వచ్చేటప్పటికి వీధిలోకే వినిపిస్తోంది. టక్. ఒక ఊపిరి. టక్. అదే ఊపిరి. ముందుకు ఎగరాల్సిన సూది వెనక్కే పడుతోంది.

"బాబాయ్, సూది ఇరుక్కుంది చూడు, కాస్త నెట్టు!" అంటూ లోపలికొచ్చింది.

అతని కుడిపాదం నేలకు పూర్తిగా ఆని ఉంది. కళ్లు మూసి ఉన్నాయి. ఆమె రెండుసార్లు పిలిచింది. చెయ్యి పట్టుకుని చూసింది. ఆ తర్వాత పిలవలేదు. సూది ఎత్తాలని చెయ్యి చాచి, ఎందుకో ఎత్తలేకపోయింది.

బల్లమీద, పక్కపక్కనే సర్దిపెట్టిన రెండు ముళ్ల దగ్గర, ఆ గడియారం యంత్రం అంకెలూ ముళ్లూ లేకుండానే ఇంకా తిరుగుతోంది.