చెయ్యి తగలకూడని మేక

మాకు చట్టం రాకముందే న్యాయాధిపతులు వచ్చేశారు. మమ్మల్ని ఐగుప్తు బానిసత్వం నుంచి నడిపించుకొచ్చిన పెద్దాయనకి మిద్యానులో ఒక మామగారున్నాడు. అల్లుణ్ణి చూసిపోదామని వచ్చి, పొద్దున్నించి సాయంత్రం దాకా జనం తగాదాలు వింటూ కూర్చున్న అల్లుణ్ణి చూసి మొత్తుకున్నాడు. పదిమందికొక పెద్ద, యాభైమందికొక పెద్ద, వందకొకడు, వెయ్యికొకడు ఉండాలని సలహా చెప్పి, తన గాడిదెక్కి తన ఊరికి తాను వెళ్ళిపోయాడు. సలహా మంచిదే. దాని ఫలితాన్ని చూడ్డానికి ఆయన ఇక్కడ లేడు, అంతే. ఆ ఫలితం పేరు షూహాము.

షూహాము నాకు మరిది వరస. పోయిన నా మగడికి చిన్నాన్న కొడుకు. ఐగుప్తులో ఇటుకల పని దగ్గర అధికారి కొరడా తీసిన ప్రతిసారీ నా మగడి వీపు వెనక దాక్కున్న ధీరుడు. అలాంటివాడు మా పది గుడారాలకి పెద్దయ్యాడు. నడుముకి ఎర్రగుడ్డ బిగించి, తన గుడారం ముందు ఒక రాయి వేయించుకుని, దానిమీద కూర్చుని తీర్పులు చెప్పడం మొదలెట్టాడు. ఏ చట్టం ప్రకారమయ్యా అంటే, "దారిలో ఉంది వదినా, వస్తోంది," అనేవాడు.

నా పేరు అహ్లయి. నా కొడుకు రెఫీదీము దగ్గర అమాలేకువాళ్ళతో జరిగిన పోరులో పోయాడు. వాడు పోయిన తర్వాత పుట్టాడు వాడి కొడుకు. నా కోడలు నయరాకి ఆ దిగులుతో పాలు ఎండిపోయాయి. ఆకాశం నుంచి రోజూ మా తిండి, మన్నా, కురుస్తుంది, నిజమే, దేవుడి దయ. కాని పళ్ళు లేని పసివాడికి దాన్ని ఎంత పల్చగా కాచి పోసినా కక్కేసేవాడు. వాడి నోట్లో నిలిచింది ఒక్కటే, మా మేక పాలు. దాని పేరు గోషేను. పుట్టిన ఊరి పేరే పెట్టుకున్నాం. దాని పిల్ల దారిలో నీళ్ళు లేక చచ్చిపోయింది. కాబట్టి అది మా పిల్లవాడికీ, వాడు దానికీ దక్కారు. ఆ మేక ఉంటే వాడుంటాడు, లేకపోతే లేడు. అంత తేలిక లెక్క మా ఇంట్లో.

ఇలా ఉండగా సీనాయి కొండ దగ్గర దిగాం. మూడో రోజున దేవుడు కొండమీదికి దిగుతాడని కబురు. బట్టలుతుక్కోమన్నారు. మగవాళ్ళు ఆడవాళ్ళ జోలికి పోకూడదన్నారు. షూహాము ఆ మాట చదివినంత గంభీరంగా చెబుతుంటే వాడి పెళ్ళాం మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. కొండ చుట్టూ రాళ్ళతో హద్దు పేర్చారు.

"హద్దు దాటితే చావే," అన్నాడు షూహాము. "మనిషైనా సరే, పశువైనా సరే. దాటినదాని మీద ఎవరి చెయ్యీ పడకూడదు. దూరాన్నించే రాళ్ళు రువ్వాలి, లేదంటే బాణం వెయ్యాలి. చెయ్యి మాత్రం పడకూడదు. అర్థమైందా?"

అందరికీ అర్థమైంది. మేకకి ఎవరూ చెప్పలేదు.

మూడో రోజు పొద్దున కొండ పొగ కక్కింది. ఉరుములు, మెరుపులు, ఎవరూదుతున్నారో తెలియని కొమ్ము మోత. కాళ్ళ కింద నేల వణికింది. ఐగుప్తులో తరతరాలుగా మేము మొరపెట్టుకుంది ఈ దేవుడికే. మాట్లాడవేం మాట్లాడవేం అని గుండెలు బాదుకున్నది ఈయన్నే. తీరా ఆయన నోరు విప్పేసరికి మా వాళ్ళంతా వెనక్కి పరుగు. "మాతో వద్దు, ఆయన్ని నీతోనే మాట్లాడమను, నువ్వేం చెబితే అది వింటాం," అని పెద్దాయన కాళ్ళావేళ్ళా పడ్డారు.

మా గోషేను కూడా బెదిరింది. మేకకి భయమేస్తే కొండ ఎక్కుతుంది, దాని బుద్ధి అంతే. తాడు తెంపుకుని, వెనక్కి పరిగెడుతున్న ఇశ్రాయేలు జనం మధ్య నుంచి అది ఒక్కతే ముందుకి దూకి, హద్దు దాటి, పొగలోకి పోయింది.

నేనూ నయరా హద్దు ఇవతల నిలబడి గొంతు పోయేలా పిలిచాం. ఇంకేం చేయగలం? వెనకాల వెళ్తే మాకూ రాళ్ళే.

ఉరుములు ఆగాక అదే దిగొచ్చింది. బొచ్చు నిండా బూడిద, పొదుగు నిండా పాలు, నోట్లో ఏదో కొమ్మ. మండినా కాలని పొదొకటి ఆ కొండమీదుందని పెద్దాయన చెప్పేవాడు. మా మేక దాన్ని కూడా మేసి వచ్చిందేమోనని నాకిప్పటికీ అనుమానం.

మేము దాన్ని చేరేలోపే షూహాము రాయెక్కి నిలబడ్డాడు.

"వదినా, నీ మేక కొండెక్కింది. నా కళ్ళతో చూశాను."

"నువ్వా? ఆ వేళకి నువ్వు గుడారం గుంజని వాటేసుకుని కళ్ళు మూసుకున్నావని నీ పెళ్ళామే చెప్పింది."

"ఒక కన్ను తెరిచే ఉంచాను."

పది గుడారాల మగాళ్ళూ రాళ్ళు ఏరుకున్నారు. నయరా పిల్లవాణ్ణి గుండెకి అదుముకుని అక్కడే కూలబడింది. మేక మాత్రం తాపీగా నడుచుకుంటూ వెళ్ళి షూహాము గుడారం నీడలో, వాళ్ళ కొత్త నీళ్ళకుండ పక్కన నిలబడి నెమరేయడం మొదలెట్టింది.

"రువ్వండి!" అన్నాడు షూహాము.

"రువ్వారంటే చంపుతా!" అని లోపల్నించి వాడి పెళ్ళాం అరిచింది. "కుండ పగిలితే మళ్ళీ ఎక్కడ తెస్తావు ఈ ఎడారిలో?"

"సరే, దాన్ని ఇటు లాగండి."

ఎవరూ కదల్లేదు. "ఎలా లాగుతాం?" అన్నాడు ఒకడు. "చెయ్యి పడకూడదన్నావుగా."

"తోలండి!"

తోలారు. గోషేను ఇంకాస్త లోపలికి పోయి వాడి పరుపు మీద పడుకుంది. న్యాయానికి అంత దగ్గరగా అంతకుముందు ఎవరూ పడుకోలేదు.

వ్యవహారం పైకి పోయింది. యాభైమంది పెద్ద, ఇది తనకి మించిన సంగతన్నాడు. వందమంది పెద్ద భోజనం చేసి, ఆలోచించి, ఇది తనకీ మించిందన్నాడు. వెయ్యిమంది పెద్ద గడ్డం నిమురుకుని, పెద్దాయన్నే అడగాలన్నాడు. పెద్దాయన అప్పటికే చట్టం తేవడానికి మబ్బులోకి ఎక్కిపోయాడు. ఆయన దిగేదాకా శిక్ష ఆపమన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. మేకని పిలుచుకుని, పాలు పితుకుదామని ముంత పట్టుకుని కూర్చున్నాను.

"ఆగు వదినా," అన్నాడు షూహాము. "శిక్ష ఆగింది గాని నేరం పోలేదు. దానిమీద చెయ్యి పడకూడదు."

"పితక్కుండా పాలెలా వస్తాయిరా?"

"అది నాకెందుకు? చట్టం చట్టమే."

"ఇంకా రానేలేదన్నావు కదరా చట్టం!"

"వచ్చినంత మటుకు వచ్చింది."

ఆ సాయంత్రమంతా పిల్లవాడు ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి గొంతు పిల్లికూతలా అయిపోయింది. మేక పొదుగు రాయిలా బిగిసి అదీ అరిచింది. మధ్యలో నేను. చేతులుండి ఏం లాభమని నా చేతుల్ని నేనే తిట్టుకున్నాను. వాటిని చూస్తూ తిట్టుకుంటుంటేనే తట్టింది నాకు.

తెల్లవారాక పది గుడారాల వాళ్ళనీ కేకేసి పిలిచాను. అందరూ చూస్తుండగా మేక దగ్గర చతికిలబడి, పిల్లవాణ్ణి ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, నా రెండు చేతులూ పైకెత్తాను. గోషేను వాడి తల వాసన చూసింది. కాస్త జరిగి, కాళ్ళు ఎడం చేసుకుని వాడి మీదుగా నిలబడింది. వాడు నోటితో వెతుక్కున్నాడు. దొరికింది. గుటక చప్పుడు అందరికీ వినపడింది.

"ఇది మోసం!" అని గంతేశాడు షూహాము.

"ఏది మోసం? చెయ్యి పడకూడదన్నావు. నా చేతులెక్కడున్నాయో చూడు. నోరు పడకూడదని ఎవరైనా అన్నారా?"

వాడు ఎర్రగుడ్డ సర్దుకుని మళ్ళీ పై పెద్దలందరి దగ్గరికీ పరిగెత్తాడు. వెయ్యిమంది పెద్ద చాలాసేపు నవ్వి, చెయ్యి చెయ్యే, నోరు నోరే అని తేల్చాడట. నేను నవ్వలేదు. చేతులు పైకెత్తుకునే ఏడ్చాను, సంతోషంతో.

అలా వారాలు గడిచాయి. పిల్లవాడికి బుగ్గలొచ్చాయి. పెద్దాయన మాత్రం రాలేదు. జనానికి ఓపిక నశించింది. ఆయన పోయాడన్నారు, ఇక రాడన్నారు, మాకు కంటికి కనిపించే దేవుడు కావాలన్నారు. మాట్లాడే దేవుణ్ణి చూసి పారిపోయినవాళ్ళకి మాట్లాడని దేవుడే నచ్చుతాడు కదా! చెవిపోగులు పోగేసి, కరిగించి, బంగారు దూడని పోశారు. పోగులు వసూలు చేసేవాళ్ళలో ముందున్నవాడెవరో చెప్పక్కర్లేదు. నా దగ్గరికీ వచ్చాడు. ఐగుప్తు వదిలిన రాత్రి అందరికీ పొరుగువాళ్ళు వెండీ బంగారం ఇచ్చి పంపితే, మా పొరుగావిడ నాకు ఇత్తడి గరిటె ఇచ్చింది. అది చూపించాను. వాడు మొహం చిట్లించుకుని పోయాడు.

మర్నాడు దూడ ముందు బలులు. ఒకటే పాటలు, ఒకటే గంతులు. షూహాము తాడు పట్టుకుని వచ్చాడు.

"వదినా, మేకనివ్వు. ఎలాగూ చావాల్సిందేగా, దేవుడికైనా పనికొస్తుంది."

"దానిమీద చెయ్యి పడకూడదు షూహామూ. నువ్వే చెప్పావు."

"ఆ చట్టం చెప్పినాయన రాడు. ఇంకెక్కడి చట్టం?"

"ఓహో, చట్టం లేదా? అయితే నా మేక నేరమూ లేదు. ఇంటికి పో."

వాడు తాడుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"చట్టం ఉందంటే నువ్వు దాన్ని ముట్టుకోకూడదు," అన్నాను. "లేదంటే అది చావక్కర్లేదు. ఏదో ఒకటి తేల్చుకుని రా. కావాలంటే యాభైమంది పెద్దని అడుగు."

"ఆయన అక్కడ గంతులేస్తున్నాడు," అన్నాడు షూహాము చిరాగ్గా. మాటల్లో ఓడిన మగవాడు చేసేదే చేశాడు. నన్ను పక్కకి తోసి, గోషేను మెడ పట్టుకుని తాడు బిగించాడు. నేను మేక నడుముని వాటేసుకున్నాను. నయరా వాడి జుట్టు పట్టుకుంది. పిల్లవాడు గుక్కపెట్టాడు.

అప్పుడే కొండ కింద ఏదో పగిలిన చప్పుడైంది. రాయి మీద రాయి పడ్డట్టు. పాటలు ఆగిపోయాయి. పెద్దాయన దిగొచ్చాడు, దూడని చూసి, చట్టం రాసున్న రాతిపలకల్ని నేలకేసి కొట్టాడు. ఇన్ని వారాలు ఎదురుచూసిన చట్టం మా కళ్ళముందే ముక్కలై పడి ఉంది. షూహాము తన చేతివంక చూసుకున్నాడు. అది ఇంకా మేక మెడమీదే ఉంది. నిప్పు ముట్టుకున్నవాడిలా వెనక్కి లాక్కున్నాడు.

"వదినా," అన్నాడు పెదాలు తడారిపోయి, "నేను ముట్టుకోలేదు కదూ?"

దూడని పొడి చేసి నీళ్ళలో కలిపి అందరిచేతా తాగించారు. పోగులిచ్చినవాళ్ళూ తాగారు, గరిటె మాత్రమే ఉన్న నేనూ తాగాను. గోషేను వాసన చూసి మొహం తిప్పుకుంది.

తర్వాత పెద్దాయన ఆజ్ఞమీద ఆయన తెగవాళ్ళు, లేవీవాళ్ళు, దూడకి మొక్కినవాళ్ళని చంపడానికి కత్తులు కట్టుకుని గుడారాల మధ్యకి వచ్చారు. ఆ సాయంత్రం గురించి మాత్రం నాకు వెటకారం రాదు. అన్న తమ్ముణ్ణి నరికాడు, పొరుగువాడు పొరుగువాణ్ణి నరికాడు. ఆ కేకలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

షూహాము ఎర్రగుడ్డ ఎక్కడ పారేశాడో, పరిగెత్తుకుంటూ వచ్చి నా గుడారంలో దూరాడు. "వదినా, వదినా," అంటూ మూల నక్కాడు. అన్న వీపు లేదుగా, వదిన గుడారం వెతుక్కున్నాడు. ద్వారం దగ్గర అడుగుల చప్పుడైంది. ఒక్క మాట అంటే చాలు, నా మేకకి శత్రువుండడు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చిందని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. వెనక్కి చూశాను. మోకాళ్ళలో తల దూర్చుకుని, అచ్చం ఐగుప్తులోలాగే వణుకుతున్నాడు. వాడి ముందు తన కొరడాదెబ్బల వీపుతో నా మగడు నిలబడ్డట్టే అనిపించింది నాకు.

"లోపలెవరున్నారు?" అన్నాడు కత్తి పట్టుకున్నవాడు. వాడి గొంతూ వణుకుతోంది.

గోషేనుని ద్వారానికి అడ్డంగా తోలాను. "కొండెక్కిన మేక, బాబూ. దేవుడి హద్దు దాటింది. తీర్పింకా కాలేదు. దీనికి చెయ్యి తగిలినా ప్రమాదమే. దీన్ని దాటి రాగలిగితే రా."

వాడు మేకని చూశాడు, మేక వాణ్ణి చూసింది. వాడు రెండడుగులు వెనక్కి వేసి పక్క గుడారానికి పోయాడు.

పెద్దాయన మళ్ళీ కొండెక్కాడు, కొత్త పలకలతో. ఈసారి కొత్త కట్టడి ఒకటి వచ్చింది: కొండ దరిదాపుల్లో గొర్రెలూ మేకలూ మేయకూడదట. అది ఎవరివల్ల వచ్చిందో మా పది గుడారాలకీ తెలుసు. మిగిలిపోయిన నేరం సంగతేమిటని వెయ్యిమంది పెద్ద కబురు పెడితే, షూహాము నా మొహం చూడకుండా, "ఆ రోజు పొగలో సరిగా కనపడలేదు. రెండు కళ్ళూ మూసుకునే ఉన్నాను," అని చెప్పి పంపాడు. ఆ పూటే ముంత నిండా పితికాను, రెండు చేతులతో.

చివరికి చట్టం దిగొచ్చింది, పగలకుండా. ఎవరి గుడారాల వాళ్ళకి వాళ్ళ పెద్దే వినిపించాలన్నారు. షూహాము రాయెక్కాడు. చంపొద్దన్నాడు, దొంగిలించొద్దన్నాడు, గొంతు బాగానే పలికింది. ఆఖరిదాని దగ్గరికొచ్చేసరికి తడబడింది. పొరుగువాడి ఎద్దు మీద ఆశ పెట్టుకోకూడదు, గాడిద మీద పెట్టుకోకూడదు, పొరుగువాడిది ఏదైనా సరే దానిమీద... అంటూ గొంతులోనే గొణిగాడు.

పిల్లవాణ్ణి చంకనేసుకుని, మేక తాడు పట్టుకుని ముందుకి నడిచాను.

"గట్టిగా చెప్పు షూహామూ," అన్నాను. "మేకకి వినపడలేదట."