నేను కొట్టని రోజు

నాకు కోపం ఎక్కువ. కొల్లేరు గట్ల మీద ఎవర్నడిగినా చెబుతారు, ఎడ్విన్‌తో పెట్టుకోవద్దని. ఆరేళ్ళ కిందట మా చేపల చెరువులో వల వెయ్యబోయిన ఒక దొంగ మోచెయ్యి తెడ్డుతో విరగ్గొట్టాను. కేసు పడింది, రాజీ అయింది. తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను. అలాంటివాణ్ణి, మొన్నొక ఆదివారం పొద్దున నా ఇంటి ముందు, నా కూతురి ఎదుట తన్నులు తిన్నాను. ఒక్క దెబ్బ తిరిగి వెయ్యలేదు.

ముందు సంగతి చెప్పాలి. హరిణి నా దగ్గరికి రాకముందు తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారి మణిదీప్ భార్య. వాడు ఆమె ముందుపళ్ళు రెండు రాలగొట్టాడు. ఇంకోసారి భుజం విరిచాడు. పెంటపాడులో ఆమె పుట్టింటివాళ్ళు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టారు. కోదండరామయ్య గారనే పెద్దాయన స్టాంపు కాగితం మీద ఇకనుంచి ఒకరితో ఒకరికి సంబంధం లేదని రాయించి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించి, విడాకులైపోయాయన్నాడు. మా వైపు చాలామందికి అలాగే అవుతాయి. పెద్దల మాట చద్దిమూట అంటారు. మా పెద్దలు కట్టిచ్చిన మూట పాచిపోయిందని మాకు తొమ్మిదేళ్ళ దాకా తెలియలేదు.

కాగితం రాయించుకోగానే హరిణి నా దగ్గరికి వచ్చేసింది. ఆ మరుసటి ఏడాది మాకు తేజస్వి పుట్టింది. బర్త్ సర్టిఫికెట్లో తండ్రి పేరు నాదే. పిల్ల పెద్దదవుతోంది, పెళ్ళి రిజిస్టరు చేయించుకుందామని ఈ ఏడాది హరిణి పట్టుబట్టింది. ఆఫీసులో స్టాంపు కాగితం చూసి పక్కన పెట్టి, కోర్టు డిక్రీ తెమ్మన్నారు. సరే, అదీ తెద్దామని ఏలూరు వెళ్ళి లాయరు స్నేహలత గారి చేత విడాకుల కేసు వేయించాం. కొరివితో తల గోక్కున్నాం. నోటీసు అందగానే మణిదీప్ ఎదురు కేసు వేశాడు. హరిణి ఇంకా తన భార్యేనని, పెళ్ళి నిలిచి ఉండగా పుట్టిన పిల్ల తన పిల్లేనని, తనకి అప్పగించమని.

"వాడు ఆ పిల్ల మొహం కూడా చూడలేదండీ," అన్నాను లాయరమ్మతో.

"అయినా సరేనండీ. పెళ్ళి చట్టప్రకారం తెగేదాకా పుట్టిన బిడ్డకి భర్తే తండ్రి అనుకుంటుంది చట్టం. కాదని మనం రుజువు చెయ్యాలి."

"మరి నేనెవర్నండీ?"

"ప్రస్తుతానికి ఎవరూ కారు. కానీ కోర్టులు మునుపటిలా లేవండీ. పెళ్ళి లేకుండా కలిసున్న ఇళ్ళని కూడా ఇళ్ళుగానే చూస్తున్నాయి. పిల్లకి ఏది మంచిదో అడుగుతున్నాయి. హరిణి, మణిదీప్ విడిగా ఉన్నారనడానికి ఆ స్టాంపు కాగితం పనికొస్తుంది. డీఎన్ఏ పరీక్ష కూడా అడిగాను. నాకొక్కటే భయం. మీ మీద పాత కొట్లాట కేసుంది. ఇంకోటి పడిందంటే, ఆ ఇంట్లో పిల్లకి క్షేమం లేదంటారు. అవతలివాళ్ళు మిమ్మల్ని రెచ్చగొడతారు. చెయ్యెత్తారా, పిల్ల పోయినట్టేనండీ."

ఆ ఆదివారం హరిణి లోపల తేజస్వికి చర్చికని జడలు వేస్తోంది. గట్టు మీద కారు ఆగింది. మణిదీప్ దిగాడు. వెనకాల ఇద్దరు. ఒకడి చేతిలో ఇనప రాడ్డు, ఇంకొకడి చేతిలో ఫోను. ఫోను నా వైపే తిప్పి పట్టుకున్నాడు. వాళ్ళు నా చేత చెయ్యి ఎత్తించడానికే వచ్చారని నాకు వెంటనే అర్థమైంది.

"ఏవండీ ఎడ్విన్ గారూ, మా ఆవిడ కులాసాయేనాండీ?" అని ఎంతో మర్యాదగా అడిగి, చెంప పగిలేట్టు కొట్టాడు మణిదీప్.

నా నోట్లో రక్తం ఊరింది. చేతులు వాటంతటవే పైకి లేచాయి. వాటిని బలవంతాన దించి, వసారా గుంజని రెండు చేతులా వాటేసుకున్నాను.

"కొట్టండి, మొహమాటపడకండి. మీకు అలవాటే గదండీ," అన్నాడు. మాట ముగిసేలోపు రాడ్డు నా మోకాలి మీద పడింది. తరవాత నడుం మీద. తరవాత పక్కటెముకల మీద. లోపల ఏదో పుటుక్కుమంది. కింద కూలబడ్డా గుంజ వదల్లేదు. మణిదీప్ బూటుకాలితో మొహం మీద తన్ని, ఒంగి నా మొహంలోకి చూశాడు. వాడి పీక నాకు జానెడు దూరంలో ఉంది. ఒక్కసారి పట్టుకుంటే చాలు, గుడ్లు బయటికొచ్చేవి. వాడి మొహం మండ, ఎంత సన్నటి పీక వాడిది.

హరిణి అడ్డం వచ్చింది. రాడ్డు పట్టుకున్నవాడు ఆమెని గోడకేసి కొట్టాడు. అమ్మా అంటూ తేజస్వి బయటికొచ్చింది. ఒక జడ అల్లి ఉంది, ఒకటి విడిగా ఉంది. ఆ విడి జుట్టు మణిదీప్ చేతికి చుట్టుకుని కారు వైపు ఈడ్చాడు. పిల్ల మోకాళ్ళు గట్టు మీద గీసుకుపోయాయి.

"నాన్నా," అని పిలిచింది. మూడుసార్లు పిలిచింది.

ఫోను నన్నే చూస్తోంది. నేను గుంజని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. గోళ్ళలో పేళ్ళు దిగాయి. వదలమని అరిచాను, ఏడ్చాను, అంతే.

హరిణి లేచి వెళ్ళి వాడి మణికట్టు కొరికింది. మిగిలిన పళ్ళతోనే ఎముక దాకా కొరికింది. వాడు పిల్లని వదిలి, ఆమె నోటి మీద పిడికిలితో గుద్దాడు. అప్పటికి పక్క చెరువులో వల లాగుతున్న జనం దోనెల్లోంచి దూకి వచ్చారు. కారు పారిపోయింది కానీ ఫోను పట్టుకున్నవాడు వాళ్ళకి దొరికాడు. ఫోనుతో సహా పోలీసులకి అప్పగించారు.

ఆ వీడియోని లాయరమ్మ కోర్టులో వేశారు. మొదటినుంచి చివరిదాకా నేను దెబ్బలు తినడమే ఉంది అందులో. జడ్జి గారు తేజస్విని తన గదిలోకి పిలిపించుకుని ఒంటరిగా మాట్లాడారు. తీర్పు వచ్చేదాకా పిల్ల మా ఇంట్లోనే ఉండాలన్నారు. డీఎన్ఏ పరీక్షకి ఒప్పుకున్నారు. మణిదీప్ మా గట్టు ఛాయలకి రాకూడదన్నారు.

"గెలిచారండీ. మీ ఓర్పే గెలిపించింది," అన్నారు స్నేహలత గారు. హరిణి కుట్లు పడిన పెదాలతో ఏడ్చింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఎముకలు ఇంకా అతకలేదు గనక ఊరుకున్నాను.

కోర్టు వరండాలో బల్ల మీద కూర్చుని తేజస్వి వైపు చేతులు చాపాను. పిల్ల రాలేదు. అడుగు వెనక్కి వేసింది.

"మీ నాన్న ఎవరమ్మా అని అడిగారు," అంది.

"ఏం చెప్పావు తల్లీ?"

"నువ్వేనని చెప్పాను. అమ్మ కోసం అబద్ధం చెప్పాను."

"అబద్ధమేంటి?"

"వాళ్ళు నన్ను ఈడుస్తుంటే నువ్వు చూస్తూ కూర్చున్నావు కదా. సొంత నాన్నయితే వస్తాడు." కోపంగా అనలేదు. బళ్ళో చెప్పిన పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

ఆ పూటే వాణ్ణి నరికి జైల్లో కూర్చున్నా ఇంతకంటే బాగుండేది. చెప్పాను. పాత కేసు, ఫోను, లాయరమ్మ మాట, అన్నీ విడమర్చి చెప్పాను. ఎనిమిదేళ్ళ పిల్ల. అంతా విని బుద్ధిగా తల ఊపింది.

ఆటో ఎక్కాం. ఎప్పుడూ నా ఒళ్ళో కూర్చునే పిల్ల తల్లికి అటు పక్కకి వెళ్ళి కూర్చుంది. దెందులూరు దాటేదాకా రోడ్డు చూస్తూనే ఉంది.