నాలుగో జ్వరం

శృతి కడుపులోని బిడ్డ పొద్దుటి నుంచి కదల్లేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. శృతికి కూడా తెలియదు.

ఆమె దృష్టంతా నొప్పుల మీదే ఉంది. ఫోన్‌లో ఒక యాప్ వేసుకుంది. నొప్పి మొదలైనప్పుడు ఒకసారి, తగ్గినప్పుడు ఒకసారి నొక్కాలి. నొప్పులు దగ్గర దగ్గరగా వస్తే తెర ఎర్రబడి, ఆస్పత్రికి బయలుదేరమంటుంది. నిన్న సాయంత్రం అలాగే ఎర్రబడింది. కారు బాడుగకు మాట్లాడుకుని పరగోడు నుంచి చిక్కబళ్ళాపురం దాకా పరుగెత్తారు. తీరా అక్కడ మంచమెక్కి పడుకునేసరికి నొప్పులు మాయం.

"దొంగ నొప్పులమ్మా. ఇంకా టైముంది. ఇంటికి పోయి నిద్రపో" అని నర్సు నవ్వి పంపేసింది. పంపేముందు ఇంకేవో జాగ్రత్తలు కూడా చెప్పింది. సిగ్గుతో తలదించుకున్న శృతి వాటిని సగమే విన్నది.

తిరిగి వచ్చేసరికి ఎదురింటి కెంపమ్మ గుమ్మంలో కాపు కాసి ఉంది.

"ఏం అంబికా, చేతులూపుకుంటా వచ్చినారు? బిడ్డను ఆడే మర్చిపోయినారా?"

"లేదక్కా, ఊరికే చూపించుకోని వచ్చినాం" అంది శృతి తల్లి.

"చూపించుకునేకి అంత పెద్ద బ్యాగా! బస్‌పాస్ చేయించుకోండమ్మా. దినామూ పోయేకి బాగుంటాది."

వీధంతా నవ్వింది. శృతి కూడా నవ్వింది. నవ్వుతూనే లోపల ఒట్టు పెట్టుకుంది. ఈసారి ఖాయమని తేలితేనే గడప దాటేది.

తొలికాన్పు కాబట్టి పుట్టింటికి వచ్చింది. భర్త నాగేశ్ చింతామణిలో స్కూలు మేష్ట్రు. పీరియడ్ పీరియడ్‌కీ ఫోన్ చేసి "ఎంతసేపటికి వస్తాండాయి?" అని అడుగుతున్నాడు. ఆమె యాప్ చూసి చెబుతోంది. ఈ రోజు నొప్పులు ఎప్పుడో ఒకటి, అదీ సన్నగా. తెర పచ్చగానే ఉంది.

మధ్యాహ్నం భోజనం అయ్యాక ఉక్కపోత భరించలేక పెరట్లోని పాత పట్టుపురుగుల ఇంట్లోకి వెళ్ళింది. చల్లగా ఉండే చోటు అదొక్కటే. అక్కడ ఆమె అవ్వ, నాన్నకు తల్లి పుట్టమ్మ, నేల మీద కాళ్ళు చాపుకుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది.

పురుగుల ఇల్లు అన్న పేరే మిగిలింది. పురుగులు పోయి చాలా ఏళ్ళయింది. బోరు ఎండిపోయింది, మల్బరీ తోట పోయింది. తర్వాత ఇంకో బోరు పడ్డాక శృతి నాన్న బయ్యప్ప టమోటాలోకి దిగాడు. ఇప్పుడు అక్కడ ఖాళీ టమోటా క్రేట్లు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. కానీ గోడకు చెవి పెడితే శృతికి ఇప్పటికీ ఆ చప్పుడు వినిపిస్తుంది. వేల పురుగులు ఒక్కసారిగా ఆకు కొరికే చప్పుడు. పెంకుల మీద సన్నగా వాన పడుతున్నట్టే ఉండేది. చిన్నప్పుడు ఆ వాన వింటూనే నిద్రపోయేది. ఎండాకాలంలో కూడా వాన ఉన్న ఇల్లు ఊళ్ళో ఇదొక్కటే అనుకునేది.

"అవ్వా, చింతామణి మార్కెట్టుకు నన్ను పిల్చుకోని పోతాంటివే, గుర్తుండాదా?"

పుట్టమ్మ ముఖం విప్పారింది. అడగడమే ఆలస్యం.

"ఎట్ల మర్చిపోతానే! పట్టుగూళ్ళ మూట బస్సుపైన వేస్తే నలిగిపోతాయని ఒళ్ళో పెట్టుకుంటాంటి. నువ్వు ఆ మూట మింద తలపెట్టి నిద్రపోతాంటివి. కండక్టరు మూటకు టికెట్ అడిగితే, ఇది మూట కాదప్పా, నా మనవరాలి దిండు అంటి."

"ఆయప్ప ఏమన్నాడు?"

"దిండుకు హాఫ్ టికెట్ అన్నాడు, ఇంకేమంటాడు!"

ఇద్దరూ నవ్వారు. మార్కెట్టులో తెల్లటి గూళ్ళ కుప్పలు, వాటిలో మోచేతి దాకా చేతులు ముంచి చూసే వ్యాపారులు, వేలంపాట ముగిశాక అవ్వ తినిపించే వెన్న దోసె... శృతి కళ్ళు మూసుకుంది. దోసె వాసన కూడా వచ్చినట్టైంది. అలవాటుగా చెయ్యి పొట్ట మీదికి వెళ్ళింది. అవ్వ గొంతు విన్నా, గట్టిగా నవ్వు విన్నా బిడ్డ లోపల తన్నేది. రోజూ జరిగే ఆటే అది.

తన్నలేదు.

శృతి చెయ్యి జరిపి, ఇంకోవైపు పెట్టింది. నొక్కింది. ఏమీ లేదు. వెనక్కి గుర్తు చేసుకుంది. భోజనం చేసేటప్పుడు? లేదు. పొద్దున కాఫీ తాగినప్పుడు? లేదు. రాత్రి పక్క మీద వాలినప్పుడు ఒక చిన్న కదలిక... అంతే. దోసె వాసన ఎగిరిపోయింది.

"అవ్వా, బిడ్డ కదిలేలేదు. పొద్దున్నుంచీ."

పుట్టమ్మ చేతిలోని మిరపకాయ పక్కన పెట్టింది. దగ్గరికి జరిగి మనవరాలి పొట్ట మీద అరచెయ్యి ఆనించింది. ఆమె ముఖంలో భయం లేదు. ఏదో తెలిసిన సంగతి చూసినట్టు తల ఊపింది.

"నాలుగో జ్వరానికి కూచోనుండాది పాపా. భయపడొద్దు."

శృతికి అర్థమైంది. పురుగుల ఇంట్లో పెరిగిన పిల్ల కదా. పట్టుపురుగు పొర విడిచే ముందు మేత మానేసి, తల పైకెత్తి, రాయిలా కూర్చుండిపోతుంది. దాన్నే జ్వరం అంటారు. పురుగు జీవితంలో నాలుగు జ్వరాలు. జ్వరంలో ఉన్నప్పుడు ముట్టుకోకూడదు, ఆకు వేయకూడదు, తట్టలు కదపకూడదు. తెలియనివాళ్ళు చచ్చాయనుకుంటారు. తెలిసినవాళ్ళు ఓపిక పడతారు. నాలుగో జ్వరం లేచిందంటే ఇక ఆకలే ఆకలి, ఆ తర్వాత చంద్రికె అనే వెదురు తడిక ఎక్కి గూడు కట్టడమే.

"బయటికి వచ్చే ముందర బలం కూడగట్టుకుంటాండాది" అంది పుట్టమ్మ. "కదిలించకుండా గమ్మున ఉండాల. ఇన్ని వేల పురుగుల్ని సాకినదాన్ని, నాకు తెలీదా?"

గొంతు విని అంబిక వంటింట్లోంచి వచ్చింది. విషయం విని ఒక్క క్షణం కలవరపడింది. అత్త ముఖం చూసి స్థిమితపడింది.

"అత్త చెప్పేది నిజమే ఉంటాదేమో పాపా. నొప్పులు కూడా లేవు గదా. ఇప్పుడు పోతే నిన్నటిమాదిరే పంపిస్తారు."

శృతి నమ్మాలనుకుంది. నమ్మడం తేలికగా ఉంది. చల్లటి నీళ్ళు తాగి, ఎడమవైపు తిరిగి చాప మీద పడుకుంది. అవ్వ తల నిమురుతూ పాత పంటల కథలు అందుకుంది. ఉగాది పంట ఎంత తెల్లగా వచ్చింది, కార్తీకం పంటకు మార్కెట్టులో ఎలా చుట్టుముట్టారు. ప్రతి కథలోనూ పురుగు జ్వరం నుంచి లేచింది, ఆకు తిన్నది, గూడు కట్టింది.

పెంకుల సందులోంచి పడుతున్న ఎండ చాప మీద నుంచి గోడ మీదికి పాకింది. బిడ్డ కదల్లేదు.

అవ్వ చెప్పని పంట ఒకటుందని శృతికి అప్పుడు తట్టింది.

ఆ ఇంట్లో ఎవరూ దాని మాట ఎత్తరు. అప్పుడు ఆమె నాలుగో తరగతో ఐదో తరగతో. శ్రావణమాసం. స్కూలు నుంచి వచ్చి చూస్తే ఇంట్లో వాన చప్పుడు లేదు. జ్వరానికి కూచున్నాయి, అరవొద్దు అంది అవ్వ. తాత మాత్రం ఒక తట్ట మీదికి వంగి, వేలితో పురుగును మెల్లగా తాకి చూశాడు. మళ్ళీ ఇంకోదాన్ని. బయటికి వెళ్ళిపోయాడు. మర్నాటికి వీధి చివరిదాకా వాసన. తట్టలు తట్టలుగా మోసుకెళ్ళి గుంటలో పూడ్చారు.

శృతి లేచి కూర్చుంది.

"అవ్వా, ఆ శ్రావణమాసం పంట కూడా గమ్మునే ఉన్నింది గదా?"

పుట్టమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అది ఇప్పుడెందుకే?"

"తాత వేలు పెట్టి చూసినాడు. ఏమి చూసినాడు అవ్వా?"

మిరపకాయల ఘాటుకో, మరి దేనికో పుట్టమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి.

"జ్వరంలో ఉన్నది తల ఎత్తుకోని ఉంటాది. ముట్టుకుంటే బిగుసుకుంటాది. అవి... తలలు వాల్చేసిండె. సప్పెరోగం. మీ తాత ముందురోజే అనుమానపడినాడు. మందు చల్లుదామన్నాడు. జ్వరమే లే, కదిలించొద్దని నేనే ఆపితి."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పుట్టమ్మ మళ్ళీ పొట్ట మీద చెయ్యి పెట్టింది. ఈసారి ఆనించలేదు, అటూ ఇటూ గట్టిగానే కదిపింది. లోపలి నుంచి ఏ జవాబూ లేదు.

ముసలామె లేచిన వేగానికి మిరపకాయల చేట బోర్లాపడింది.

"రేయ్ బయ్యా! బండి తీయరా! బిన్నా తీయి!"

బయ్యప్ప ఇంటి ముందు టెంపోలో టమోటా క్రేట్లు ఎక్కిస్తున్నాడు. కారు కోసం ఫోన్ చేస్తే బాడుగ కారు గుడిబండెలో ఉందన్నారు, రావడానికి గంట పడుతుందన్నారు.

"అమ్మా, లోడు దించేసి..."

"దించొద్దు! అట్లే పోనీ!"

శృతి, అంబిక ముందు సీట్లో ఇరుక్కున్నారు. పుట్టమ్మ ఎవరి సాయమూ అడగకుండా వెనక క్రేట్ల మీదికి ఎక్కి, కొంగు నడుముకు బిగించి, తాడు పట్టుకుంది. ఎదురింటి గుమ్మంలో కెంపమ్మ ప్రత్యక్షమైంది.

"మళ్ళీ పోతాండారా?"

శృతి కళ్ళు దించుకోబోయింది. అంతలో పైనుంచి అవ్వ గొంతు ఖంగుమంది.

"అవును మే, మళ్ళీనే! రేపు కూడా పోతాం, ఎల్లుండి కూడా పోతాం! ఆ బస్‌పాస్ నువ్వే తెచ్చియ్యి!"

టెంపో దుమ్ము లేపుకుంటూ కదిలింది. నాగేశ్ ఫోన్ వచ్చింది.

"ఎంతసేపటికి వస్తాండాయి శృతీ?"

"నొప్పుల్లేవు. బిడ్డ కదల్లేదు."

అవతల పిల్లల గోల. తర్వాత, "వస్తాండా" అన్న ఒక్క మాట. ఫోన్ కట్టయింది.

అప్పుడు నిన్నటి నర్సు మాటలు ఒక్కొక్కటిగా తిరిగొచ్చాయి. సగమే విన్నాననుకుంది, కానీ చెవి మొత్తం దాచిపెట్టింది. నొప్పులు దగ్గరైతే రా. ఉమ్మనీరు పోతే రా. రక్తం కనపడితే రా. బిడ్డ కదలడం తగ్గితే మాత్రం దేనికోసమూ ఆగొద్దు. వీటిలో యాప్‌కు తెలిసింది మొదటిది ఒక్కటే.

బాగేపల్లి దగ్గరికి వస్తూనే బయ్యప్ప హైవే వైపు తిప్పబోయాడు.

"యాడికి నాయనా?"

"చిక్కబళ్ళాపురానికి. నీ ఫైలు, నీ డాక్టరమ్మ అంతా ఆడే గదా."

"ఫైలు ఆడ ఉంటే ఉండనీ. ఇక్కడే ఆపు. ముందు గుండె కొట్టుకుంటాండాదో లేదో చూడనీ."

బయ్యప్ప బండి ఊళ్ళోకి తిప్పాడు. టమోటా టెంపో బాగేపల్లి ఆస్పత్రి మెట్ల ముందు ఆగింది. వాచ్‌మన్ లోడు బండి లోపలికి రాకూడదని కన్నడలో అరుస్తూ వచ్చాడు. క్రేట్ల మీది నుంచి దిగుతున్న ముసలామెను చూసి, వెంట నిండు గర్భిణిని చూసి, అరుపు ఆపి చక్రాల కుర్చీ కోసం పరుగెత్తాడు.

అక్కడి నర్సు వినుత, శృతి పొట్ట మీద చల్లటి జెల్లీ పూసి యంత్రం ఆనించింది. గుర్రుమని శబ్దం. ఇంకో చోట పెట్టింది. గుర్రుమని శబ్దం. అంబిక కూతురి చెయ్యి పట్టుకుంది. ఎవరు ఎవరి చెయ్యి నలుపుతున్నారో తెలియడం లేదు.

దొరికింది. గుండె చప్పుడే. కానీ నెల నెలా చెకప్‌లో విన్న ఉరుకులాట కాదు అది. అలసిపోయిన నడక. నడిచి, ఆగి, మళ్ళీ నడుస్తోంది.

వినుత ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. తలుపు వైపు తిరిగి డాక్టరును పిలిచిన గొంతులో మాత్రం అంతా తెలిసిపోయింది.

డాక్టరమ్మ ఒక నిమిషం విన్నది, యంత్రం గీసిన గీతలు చూసింది. "ఆపరేషన్ చేయాలి. ఇప్పుడే" అంది. "ఎప్పటి నుంచి కదల్లేదు?"

"పొద్దున్నుంచీ" అంది శృతి. "ముందే రావల్సింది."

"వచ్చినారు గదా. ఆ మాట తర్వాత."

స్ట్రెచర్ లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

వరండాలో పుట్టమ్మ బెంచీ మీద కూర్చోలేదు. అందరికీ దూరంగా, గోడవారగా నేల మీద కూర్చుంది. చీర అంచుకు నలిగిన టమోటా రసం. అంబిక వెళ్ళి పక్కన కూర్చుంది.

"నేనే గదా గమ్మునుండమంటి" అంది పుట్టమ్మ. "అంత పంట పోయినా నాకు బుద్ధి రాలేదు. మంచి పంటలే చెప్పుకుంటా వస్తి. చెడిపోయింది ఒక్కనాడూ చెప్పకపోతి."

"నేనూ విని ఊరుకుంటి గదత్తా."

"నువ్వు నా మొగం చూసి ఊరుకుంటివి."

అంబిక అత్త చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. బయ్యప్ప మెట్ల మీద నిలబడి ఖాళీ రోడ్డు వైపు చూస్తున్నాడు. చింతామణి బస్సు వచ్చి వెళ్ళింది. నాగేశ్‌ను ఇక్కడికే రమ్మన్నారు, అతను అందులో లేడు.

లోపలి నుంచి ఏ చప్పుడూ లేదు. తర్వాత ఎవరో వేగంగా నడిచిన చెప్పుల చప్పుడు. ఏదో ఇనుప సామాను పడిన చప్పుడు. తర్వాత గొంతు జీరబోయిన ఏడుపు ఒకటి సన్నగా మొదలై, ఆగి, ఊపిరి తీసుకుని, వరండా అంతా నిండేట్టు లేచింది.

తలుపు తెరుచుకుంది. వినుత మాస్కు కిందికి లాగింది.

"తల్లి బాగుంది. పేగు మెడకు రెండు చుట్లు చుట్టుకుని ఉన్నింది. మీరు పొద్దుగూకేదాకా చూసుంటే కష్టమయ్యేది." పుట్టమ్మ వైపు చూసి నవ్వింది. "ఏమి బిడ్డో అడగవా అవ్వా?"

పుట్టమ్మ గోడ పట్టుకుని లేచింది.

"కదులుతాండాదా?"

"అయ్యో, కదలడమా! ఒకటే తన్నడం. గుడ్డ చుడదామంటే చేతికి నిలిస్తే గదా. చుట్టి తెచ్చిస్తా, ఉండండి."

"చుట్టొద్దు తల్లీ" అంది పుట్టమ్మ. "కొంచేపు తన్నుకోనీ."