మిగిలిన మాత్రలు

మిగిలిన కూర పనిమనిషికి ఇస్తాం. కట్టి విడిచిన చీర ఇస్తాం. దిల్‌సుఖ్‌నగర్‌లో వేదవతి గారు ఒకరోజు షుగర్ మాత్రలు ఇచ్చారు.

ఆమె కొడుకు గౌతమ్ ఫార్మసీ కాలేజీలో పరిశోధన చేస్తున్నాడు. మనిషి బరువు, కిడ్నీల పనితీరు, తినే వేళలు గణిత సమీకరణాల్లో పెడితే, ఏ మోతాదుకు ఒంట్లో చక్కెర ఏ గంటకు ఎంత దిగుతుందో కంప్యూటరు గీత గీసి చూపుతుంది. తల్లికి లెక్క కట్టాడు. ఆమె మాత్ర ఆమెకు ఎక్కువని తేలింది. డాక్టరు పరీక్షలు చేయించి సగం చేశాడు. పొద్దునపూట కళ్లు తిరగడం పోయింది. ఇల్లంతా సంతోషం.

పాత మాత్రలు నాలుగు అట్టలు మిగిలాయి.

"పారేయడం ఎందుకే ఎస్తేరూ, నీకూ షుగరే కదా. తీసుకెళ్లు."

అంట్లు తోముతున్న ఎస్తేరమ్మ చేతులు తుడుచుకుంది. "బస్తీ దవాఖానల ఇచ్చినయి ఉన్నయమ్మా. గవి చిన్నయి."

"ఇవి పవరెక్కువవి. మావాడి లెక్కలోనే తేలింది."

"అయితే నా షుగరు తోక ముడుస్తది!"

ఇద్దరూ నవ్వుకున్నారు. హాల్లో గౌతమ్ ఆ మాటలు విన్నాడు. తల ఎత్తలేదు.

ఎస్తేరమ్మ ఎల్‌బీ నగర్ అవతలి బస్తీ నుంచి ఆరింటికి ఛాయ్ తాగి బయలుదేరేది. నాలుగిళ్ల పని అయ్యాక, ఒంటిగంటకు అన్నం. బస్తీ దవాఖాన మాత్రలూ, ఈ మాత్రలూ ఒకే మందని ఆమెకు తెలియదు. రెండూ ఛాయ్‌తో మింగింది. ఐదో రోజు ఒక అపార్ట్‌మెంటు మెట్ల మీద చెమటలు కక్కుతూ కూర్చుండిపోయింది. అలసిపోయిందిలే అనుకుని జనం పక్కనుంచి దిగిపోయారు. ఆసుపత్రికి చేర్చేసరికి షుగరు అడుగంటి, స్పృహ లేదు. మూడో నాటికి ప్రాణం లేదు.

సమాధి చేసిన మర్నాడు కూతురు సాధన వచ్చింది. సగం ఖాళీ అయిన అట్ట బల్ల మీద పెట్టింది.

"అన్నా, గివి మీ ఇంటియేనా?"

వేదవతి గారు గోడకు ఆనుకుని కూలబడ్డారు. "మంచికనే ఇచ్చానమ్మా..."

"తెల్సమ్మా. మందులిచ్చిన్రని మా అమ్మ ఆదివారం చర్చిల మీకోసం ప్రార్థన చేయించింది."

గౌతమ్ కంప్యూటరు తెరిచాడు. "మీ అమ్మ బరువెంత?"

"నలభై రెండు కిలోలు."

"పొద్దున ఏం తినేది?"

"ఛాయ్. ఒంటిగంట దాక గంతే."

ఆమె తెచ్చిన ఆసుపత్రి కాగితాల్లో కిడ్నీల పరీక్ష ఉంది. అన్నీ కంప్యూటరులో పెట్టాడు. గీత తొమ్మిదిన్నరకే నేలకు వాలిపోయింది. నాలుగు నిమిషాల పని.

సాధన దాన్నే చూస్తూ నిలబడింది. "మస్తు మంచి లెక్కన్నా. మా అమ్మ పన్నెండేండ్లు మీ ఇంట్ల చేసింది. జర ముందుగాల్ల ఆమెకెందుకు ఎయ్యలే?"

ఆ నెల కాలేజీలో తన పరిశోధన గురించి చెప్పాల్సిన రోజున గౌతమ్ ముందు ఎస్తేరమ్మ గీతనే చూపించాడు. "ఈ మాత్రలు మా అమ్మ ఒంటికే ఎక్కువయ్యాయి. ఈమె చేతికి వెళుతున్నాయని విని ఊరుకున్నాను. ఒకరి మాత్ర ఇంకొకరికి ఇవ్వకండి. ఏ లెక్కయినా మొదలుపెట్టేముందు, ఎదురుగా ఉన్న మనిషి ఇవాళ ఏమైనా తిన్నదా అని అడగండి."