మనిషి ఉంది

ఆదివారం పొద్దున్నే మగవాళ్ళ చొక్కాలన్నీ ఇస్త్రీ చేశాక, ఆమె చివరగా ఒక చేతిరుమాలు తీసి పరిచింది. ఎవరి చొక్కాకో కుట్టగా మిగిలిన నీలం గళ్ళ గుడ్డ, చుట్టూ ఎర్రదారం అంచు. దర్జీ పని చేసే నాన్న కుట్టిచ్చింది. దాన్ని మడతపెట్టి బ్యాగులో పెట్టుకుంటుంటే ఆమెకు నవ్వు ఆగలేదు.

"మీ నాన్న జ్ఞాపకార్థ కూడికకి వెళ్తూ ఆ సంబరమేమిటే, పెళ్ళికి వెళ్తున్నట్టు!" అంది అత్తగారు.

సంబరమే మరి. నాన్న పోయి ఏడాదైందని అందరూ అంటున్నారు. ఆమె మాత్రం, నాన్నని కలుసుకోవడానికి ఒక ఏడాది తగ్గింది అనుకుంటోంది.

చిన్నప్పుడు బస్సు ఆగీ ఆగకముందే నాన్న కిటికీలోంచి ఈ రుమాలు సీటు మీదికి విసిరేవాడు. ఎవరైనా కూర్చోబోతే, "అక్కడ మనిషి ఉందండీ!" అని బయటి నుంచే గొంతు చించుకునేవాడు. మనిషంటే ఆరేళ్ళ ఈ పిల్లే. ఆసుపత్రి మంచం మీద కూడా నాన్నది అదే ధోరణి. "ఏడవకే పిచ్చితల్లీ. ముందెక్కినవాడు చేసే పనేమిటి? ప్రభువు దగ్గర నీకు సీటు పట్టి ఉంచుతా. కిటికీ పక్కన."

ఆమె ఆ మాట అక్షరాలా నమ్మింది. ఎందుకంటే ఇక్కడ ఆమెకు సీటు పట్టినవాళ్ళు లేరు. ఇంట్లో భోజనాల బల్లకు నాలుగు కుర్చీలు, మనుషులు ఐదుగురు. మామగారు, మరిది, భర్త, అత్తగారు కూర్చుంటారు. ఐదో కుర్చీ కొందామంటే భర్త, "నువ్వెలాగూ తిరుగుతూనే ఉంటావుగా" అన్నాడు. కోడలు రాకముందు ఆ నాలుగో కుర్చీ కూడా అత్తగారిది కాదు, బట్టలు పడేసుకోవడానికి ఉండేదట. ఆమె పనిచేసే మందుల షాపులో స్టూలు అడిగితే, కూర్చుంటే బద్ధకంగా కనిపిస్తారమ్మా అన్నాడు యజమాని, కుర్చీలో వెనక్కి వాలి.

మొన్న పాస్టరుగారు, "అమ్మా, నాన్నగారి గురించి నాలుగు మాటలు చెప్తావా?" అని ఆమెనే అడిగారు. ఆమె నోరు తెరిచేలోపే భర్త, "నేను చెప్తానండీ. తను టీలు చూసుకోవాలి" అన్నాడు. రాత్రి అతను రాసుకున్న కాగితంలో మొదటి వాక్యం, 'మా మామగారు మితభాషి.' మితభాషా! నాన్నా? పాస్టరుగారి ప్రసంగానికి కూడా గట్టిగా ఊకొట్టిన మనిషి!

గుళ్ళో ముందు వరసలో చివరి కుర్చీ మీద ఆమె రుమాలు పరిచింది. భర్త మేనమామ చేతికర్రతో వచ్చి అక్కడే ఆగాడు.

"అది తియ్యి, మావయ్య కూర్చుంటాడు. నువ్వెలాగూ లేస్తావుగా" అన్నాడు భర్త.

ఆమె వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. "వెనక వరసలో బోలెడు ఖాళీ ఉంది మావయ్యగారూ." ఆయన గొణుక్కుంటూ వెనక్కి వెళ్ళాడు. భర్త ముఖం కందగడ్డలా అయింది.

పాట అయిపోయింది. "కుటుంబం తరఫున..." అని పాస్టరుగారు అంటూండగానే ఆమె లేచింది. రుమాలు కుర్చీ మీదే వదిలి మైకు దగ్గరికి నడిచింది. భర్త కాగితం పట్టుకుని సగం లేచి, అలాగే ఉండిపోయాడు.

"మా నాన్న మితభాషి కాదండీ" అంది. గుడంతా ఘొల్లున నవ్వింది. "నేను వెళ్ళేదాకా ప్రభువు దగ్గర ఎవర్నీ మాట్లాడనివ్వడు. కానీ నా సీటు మాత్రం ఎవరికీ ఇవ్వడు."

ఆ నవ్వుల్లో మేనమామ మెల్లిగా ముందుకొచ్చి రుమాలు పక్కకు తీయబోయాడు. ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది అత్తగారు.

"ఆగరా తమ్ముడూ" అంది, మైకు దాకా వినిపించేలా. "అక్కడ మనిషి ఉంది."